శాంతపరచడానికి ఇంగ్లీష్‌లో ఏ మాట ఎక్కడ? పాసిఫై, ప్లకేట్, అపీజ్, అలే వగైరాలకు పూర్తి గైడ్

కామ్, సూద్, పాసిఫై, ప్లకేట్, అపీజ్, మాలిఫై, అలే, అస్వేజ్, అలీవియేట్. ఏ ఇంగ్లీష్-తెలుగు నిఘంటువు తీసినా వీటన్నిటికీ అటూ ఇటూగా ఒకటే అర్థం కనిపిస్తుంది: శాంతింపజేయు. అందుకే పోటీ పరీక్షలకు చదివేవాళ్లూ ఆఫీసు మెయిళ్లు రాసేవాళ్లూ అనువాదాలు చేసేవాళ్లూ మళ్లీ మళ్లీ అడిగేది ఒకటే, ఒకదాని బదులు ఇంకోటి పెడితే ఏమవుతుంది అని. కొన్నిసార్లు ఏమీ కాదు. కొన్నిసార్లు వాక్యం నవ్వులపాలవుతుంది. కొన్నిసార్లు మెయిల్ చదివినవాడికి ఒళ్లు మండుతుంది.

అర్థాలు బట్టీ పట్టడం వల్ల ఈ చిక్కు తీరదు. ఆ మాట పక్కన ఏ మాట కూర్చుంటుందో చూడటం అలవాటు చేసుకోవాలి. అదెలాగో వరసగా చెప్తాను.

## 1. మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఇంగ్లీష్-ఇంగ్లీష్ లెర్నర్స్ డిక్షనరీ ఒకటి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ మూడూ ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి.
- ఒక నోట్‌బుక్, అందులో మూడు గళ్లు: మాట, దాని పక్కన వచ్చేది, ఎలా శాంతపరిచారు.
- ఈ మాటలకి తెలుగులో మనం వాడేవి: బుజ్జగించు, సముదాయించు, నచ్చజెప్పు, ఓదార్చు, ఊరడించు, జోకొట్టు, ధైర్యం చెప్పు, ప్రసన్నం చేసుకొను, ఉపశమనం కలిగించు.

మూడోది తేలిగ్గా తీసుకోకండి. శాంతింపజేయు అనే పుస్తకాల మాట మనం ఇంట్లో ఎప్పుడైనా వాడతామా? ఏడ్చే పిల్లాణ్ణి ఊరుకోబెడతాం, అలిగిన అల్లుణ్ణి బుజ్జగిస్తాం, చావు ఇంట్లో ఓదారుస్తాం. ఈ తేడాలన్నీ మనకు ముందే తెలుసు, నిఘంటువు వాటిని ఒకే సంచిలో వేసి కట్టేసింది, అంతే.

డిక్షనరీలో అర్థం కంటే ముందు చూడాల్సింది క్రియ పక్కన సమ్‌బడీ అని ఉందా, సమ్‌థింగ్ అని ఉందా అన్నది. ప్లకేట్ దగ్గర సమ్‌బడీ ఉంటుంది. అలే దగ్గర సమ్‌థింగ్ ఉంటుంది. సగం తప్పులు ఇక్కడే ఆగిపోతాయి.

## 2. మొదటి ప్రశ్న: శాంతపరుస్తున్నది మనిషినా, ఇంకేదైనానా?

రాయబోయే వాక్యంలో ఈ క్రియ ఎవరి మీద, దేని మీద పడుతుందో వేలు పెట్టి చూపించండి. నాలుగింటిలో ఏదో ఒకటి అవుతుంది.

- మనిషి లేదా గుంపు: పాసిఫై, ప్లకేట్, మాలిఫై, అపీజ్, రీఅష్యూర్, కన్సోల్.
- మనసులో ఉన్నది, అంటే భయం, అనుమానం, అపరాధ భావం: అలే, అస్వేజ్.
- నొప్పి, కష్టం, లేమి: అలీవియేట్, రిలీవ్, ఈజ్.
- పరిస్థితి లేదా నష్టం: డిఫ్యూజ్, మిటిగేట్.

కామ్, సూద్ రెండూ అన్ని ఇళ్లకూ వెళ్లొచ్చే రకం. మనిషినీ కామ్ చేయొచ్చు, భయాల్నీ కామ్ చేయొచ్చు, మార్కెట్లనీ కామ్ చేయొచ్చు. గొంతు మంటనీ సూద్ చేయొచ్చు, పసిబిడ్డనీ చేయొచ్చు. ఏది పెట్టాలో తేలకపోతే కామ్ పెట్టేయండి, పెద్దగా నష్టం ఉండదు. నొప్పి, పేదరికం లాంటి వాటికి మాత్రం అది పనికిరాదు.

## 3. రెండో ప్రశ్న: ఏమిచ్చి శాంతపరిచారు?

మనిషి అని తేలాక వెంటనే అడగాల్సింది ఇది. మాటలతోనా? ఏదైనా ఇచ్చా? బలప్రయోగంతోనా? జవాబును బట్టి మాట మారిపోతుంది.

పాసిఫై. ఆవేశంలో ఉన్నవాళ్లని నెమ్మదింపజేయడం. మన పేపర్లలో రోజూ కనిపించే వాక్యం ఉంది కదా, రోడ్డుపై బైఠాయించిన గ్రామస్తులకు పోలీసులు నచ్చజెప్పి ఆందోళన విరమింపజేశారు అని, అది అచ్చంగా పాసిఫై. అదే వార్తలో చెదరగొట్టారు అని ఉంటే డిస్పర్స్ అవుతుంది, అల్లర్లను అణచివేశారు అని ఉంటే క్వెల్. ఒక జాగ్రత్త: సైన్యం ఒక ప్రాంతాన్ని పాసిఫై చేసింది అంటే బలంతో లొంగదీసుకుంది అని అర్థం, అక్కడ నచ్చజెప్పడం అని అనువదిస్తే ఘోరం. అమెరికాలో పసిపిల్లల నోట్లో పెట్టే పాలపీకని పాసిఫయర్ అంటారు, బ్రిటన్‌లో దాన్నే డమ్మీ అంటారు. ఈ మాటకి పిల్లల్ని ఊరుకోబెట్టే ఛాయ కూడా ఉందని దాన్నిబట్టి గుర్తుపెట్టుకోవచ్చు.

ప్లకేట్. దీనికి మన బుజ్జగించు అతికినట్టు సరిపోతుంది. కోపం వచ్చినవాడికి ఓ మంచి మాటో, చిన్న తాయిలమో ఇచ్చి చల్లబరచడం. అసలు సమస్య తీరిందా లేదా అన్నది ఇందులో లేదు, తీరకపోయే అవకాశమే ఎక్కువ.

మాలిఫై. కోపం మెత్తబడటం. పూర్తిగా పోవడం కాదు, కాస్త దిగడం. అందుకే ఇది ఎక్కువగా సమ్‌వాట్ మాలిఫైడ్ అనే జంటగా, కర్మణిలో కనిపిస్తుంది. ఆయన కొంత మెత్తబడ్డాడు అని మనం అనే చోటల్లా ఇది పెట్టొచ్చు. చదివేటప్పుడు బోలెడు సార్లు తగులుతుంది గానీ మాట్లాడేటప్పుడు వాడితే కాస్త పుస్తకం వాసన వస్తుంది.

అపీజ్. ఇక్కడ ఆగి చదవండి, ఎక్కువమంది పడిపోయే గుంత ఇదే. అడిగింది ఇచ్చేసి గొడవ లేకుండా చేసుకోవడం అపీజ్. అందులో ఇచ్చినవాడి మీద ఓ నింద దాగి ఉంటుంది, తలొగ్గాడు, ఇవ్వకూడనిది ఇచ్చాడు అని. ఆ మచ్చ ఎక్కడిదంటే, 1938 సెప్టెంబరులో మ్యూనిక్‌లో బ్రిటన్ ప్రధాని నెవిల్ చాంబర్లెన్, ఫ్రాన్స్‌తో కలిసి, చెకొస్లొవేకియాలోని సుడెటెన్‌లాండ్‌ను హిట్లర్‌కు వదిలేయడానికి ఒప్పుకున్నారు. 1939 మార్చికల్లా జర్మన్ సైన్యం ఆ దేశ రాజధాని ప్రాగ్‌లో ఉంది. అప్పటి నుంచి రాజకీయాల్లో అపీజ్‌మెంట్ అంటే తిట్టు కిందే లెక్క. మన దగ్గర ఒక పార్టీ ఇంకో పార్టీని విమర్శిస్తూ బుజ్జగింపు రాజకీయాలు అనేది కూడా ఈ మాటనే. కాబట్టి మీ మేనేజర్ కస్టమర్‌కి రిఫండ్ ఇచ్చాడని మెచ్చుకుంటూ అపీజ్ చేశాడు అని రాయొద్దు, అది మెప్పుగా వినపడదు.

రెండు చోట్ల మాత్రం అపీజ్‌కి ఆ మచ్చ అంటదు. ఒకటి ఆకలి, రెండోది దేవుళ్లు. వానలు పడనప్పుడు మన ఊళ్లలో కప్పల పెళ్లిళ్లు చేస్తారు, కప్పతల్లి ఆడతారు. ఇంగ్లీష్ పేపర్లు దాన్ని టు అపీజ్ ది రెయిన్ గాడ్స్ అని రాస్తాయి. ప్రసన్నం చేసుకోవడం అన్న అర్థం. ఇదే పనికి ఇంకా గంభీరమైన మాట ప్రొపీషియేట్. గ్రహశాంతి, హోమం లాంటివి వివరించేటప్పుడు అది బాగుంటుంది, మామూలు సంభాషణలో బరువు.

రీఅష్యూర్. భయపడుతున్నవాడికి ధైర్యం చెప్పడం. కోపానికీ దీనికీ సంబంధం లేదు.

కన్సోల్. ఓదార్చడం. దుఃఖం ఉంటేనే. కోపంగా ఉన్న కస్టమర్‌ని కన్సోల్ చేశాను అంటే ఆయన ఇంట్లో ఏదో జరిగిందనుకుంటారు. దీని పక్కింటి మాట కండోల్, సంతాపం తెలపడం. దాని తర్వాత విత్ రావాలి.

## 4. మనసులోవాటికి: అలే, అస్వేజ్

రెండిటి పక్కనా మనిషి పేరు రాదు. సుబ్బారావుని అలే చేశాను అనడం కుదరదు, సుబ్బారావు భయాలను అలే చేయాలి.

అలే ఎక్కువగా భయాలు, అనుమానాలు, సందేహాలు, ఆందోళనలతో వస్తుంది. ఇంకా జరగనిదాని గురించి మనసులో పురుగు తొలుస్తుంటే దాన్ని తీసేయడం. కొత్త పరిశ్రమ వస్తే భూగర్భ జలాలు పాడవుతాయేమోనని ఊరివాళ్లు భయపడుతున్నారు, కలెక్టర్ ఆ భయాలు పోగొట్టే ప్రయత్నం చేశారు. ఇక్కడ అలే.

అస్వేజ్ భయాలతో కూడా వస్తుంది గానీ దాని సొంత చోటు ఇప్పటికే కొరుకుతున్న బాధ. గిల్ట్, దుఃఖం, ఆకలి, దాహం. అమ్మానాన్నల్ని ఊళ్లో వదిలి డాలస్‌లో ఉంటున్న కొడుకు నెల తిరిగేసరికి డబ్బు పంపుతాడు, వాళ్లకి అవసరం లేకపోయినా. అది టు అస్వేజ్ హిజ్ గిల్ట్. ఇక్కడ అలే పెడితే చెవికి తేడా కొడుతుంది.

పలికే తీరు కూడా చూసుకోండి. అలే అన్నప్పుడు ఊనిక చివర. అలై అని పలికితే అది మిత్రపక్షం, వేరే మాట. అస్వేజ్‌ని అక్షరాలు చూసి అస్సుయేజ్ అని పలికేవాళ్లు చాలామంది, స్వే అన్నది ఒక్కటే ముక్క. కామ్‌లో ఎల్ పలకదు. సూద్ చివర ఇ అక్షరం మర్చిపోతే అది నిజం అనే అర్థం ఉన్న పాతకాలపు మాట అవుతుంది.

## 5. నొప్పికి, కష్టానికి: అలీవియేట్, రిలీవ్, ఈజ్

అలీవియేట్ అంటే తగ్గించడం. పోగొట్టడం కాదు. పావర్టీ అలీవియేషన్‌ని పేదరిక నిర్మూలన అని రాసేయడం మన అనువాదాల్లో పాతుకుపోయింది. నిర్మూలన అంటే ఎలిమినేషన్. పల్లెల్లో, పట్టణాల్లో పేదరికం మీద పనిచేసే మన ప్రభుత్వ సంస్థలు సెర్ప్, మెప్మాల ఇంగ్లీష్ పేర్లలో ఉన్నది ఎలిమినేషన్ అన్న మాటే, కాబట్టి అక్కడ నిర్మూలన సరే. అలీవియేషన్ ఉన్న చోట మాత్రం ఉపశమనమో తగ్గింపో అనాలి.

రిలీవ్ అంటే మందు వేసుకుంటే వచ్చే ఉపశమనం లాంటిది. కానీ మనిషిని పెట్టి, వెనక ఆఫ్ తగిలిస్తే కథ మారుతుంది. రిలీవ్డ్ ఆఫ్ హిజ్ డ్యూటీస్ అంటే ఉపశమనం ఏమీ కాదు, బాధ్యతల నుంచి తప్పించారని.

ఈజ్ అన్నిట్లోకీ తేలిక మాట, నొప్పికీ ట్రాఫిక్‌కీ టెన్షన్‌కీ అన్నిటికీ సరిపోతుంది. మందు ఇచ్చి మనిషిని మగతలోకి పంపితే సెడేట్. ఊళ్లోకి వచ్చిన చిరుతకి అటవీ సిబ్బంది మత్తు సూది వేస్తే ట్రాంక్విలైజ్.

## 6. పరిస్థితికి, ఇద్దరి మధ్య గొడవకి

డిఫ్యూజ్ అంటే బాంబు ఫ్యూజు తీసేయడం, అక్కడి నుంచి ఉద్రిక్తత తగ్గించడం. దీన్ని డి, ఇ, ఎఫ్‌తో రాయాలి. డి, ఐ, రెండు ఎఫ్‌లతో రాస్తే నలుదిక్కులా వ్యాపింపజేయడం అవుతుంది. ఉద్రిక్తతని తగ్గించబోయి ఊరంతా పాకించినట్టు!

మిటిగేట్ నష్టానికి, రిస్క్‌కి, తీవ్రతకి. కోర్టు తీర్పుల్లో మిటిగేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్ అంటే శిక్ష తగ్గించడానికి చూసే అంశాలు. దీని వెనక అగెనెస్ట్ పెట్టకండి, అక్కడ రావాల్సింది మిలిటేట్, దాని అర్థం పూర్తిగా వేరు.

కన్సీలియేట్‌లో రెండు పక్షాలని దగ్గరికి తెచ్చే ఛాయ ఉంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో కన్సీలియేషన్ ఆఫీసర్ అన్న పదవి అందుకే వచ్చింది, యాజమాన్యాన్నీ కార్మికుల్నీ కూర్చోబెట్టి రాజీకి తేవడం ఆయన పని. ఆయన ఎవర్నీ ప్లకేట్ చేయడు.

లల్ అంటే జోకొట్టడం. లాలిపాటకి లల్లబై అన్న పేరు దీన్నుంచే. అయితే మనిషిని లల్ చేశారు, తర్వాత ఇన్‌టు అని ఉంటే మోసం వాసన పట్టండి: ఏమీ కాదులే అన్న భ్రమలో పెట్టారని.

## 7. ఒకే సంఘటనలో అన్నీ వాడి చూడండి

ఎన్నికల ముందు మనకి బాగా తెలిసిన సీను తీసుకుందాం. టికెట్ రాని నాయకుడు. అనుచరులు పార్టీ ఆఫీసు ముందు ఫ్లెక్సీలు చింపి, కుర్చీలు విరగ్గొట్టి, రోడ్డెక్కారు.

ఎస్సై వచ్చి గుంపుకి నచ్చజెప్పాడు: పాసిఫై. అవతలి వర్గం కూడా రాబోతుంటే దారిలోనే ఆపి గొడవ ముదరకుండా చూశాడు: డిఫ్యూజ్. హైదరాబాద్ నుంచి ఇద్దరు పెద్దలు నాయకుడి ఇంటికి వచ్చి, కాఫీ తాగి, ప్రభుత్వం వచ్చాక ఎమ్మెల్సీ చూద్దాంలే అన్నా అన్నారు: ప్లకేట్. ఆయన పెద్దగా నమ్మలేదు గానీ గొంతు తగ్గించాడు: మాలిఫైడ్, అదీ సమ్‌వాట్. మా సంగతేంటి, కొత్త అభ్యర్థి మమ్మల్ని పక్కన పెడతాడేమో అని అనుచరులు అడిగితే, అలాంటిదేమీ ఉండదని వాళ్ల అనుమానాలు తీర్చారు: అలే. టికెట్ వచ్చినవాణ్ణీ రానివాణ్ణీ ఒకచోట కూర్చోబెట్టి చేతులు కలిపించారు: కన్సీలియేట్. ఇంత జరిగినా నామినేషన్ల ఉపసంహరణ గడువు దాకా ఆయన ఇండిపెండెంట్‌గా వేసిన నామినేషన్ వెనక్కి తీసుకోకపోతే, చివరికి ఆయన అడిగిన మూడు మండలాల పార్టీ పదవులూ రాసిచ్చేశారనుకోండి, అప్పుడు ప్రత్యర్థి వర్గం అనే మాట: అపీజ్ చేశారు.

ఇలాగే మీకు తెలిసిన ఇంకో గొడవ తీసుకుని నోట్‌బుక్‌లో రాయండి. పెళ్లిలో వియ్యంకుల అలక అయినా సరే, అపార్ట్‌మెంట్ పార్కింగ్ అయినా సరే.

## 8. ఎదుటివాడికే రాసేటప్పుడు

దీన్ని ఏ డిక్షనరీ గట్టిగా చెప్పదు, మెయిళ్లలో అందరూ బోల్తా కొట్టేది మాత్రం ఇక్కడే. పాసిఫై, ప్లకేట్, మాలిఫై, అపీజ్: ఈ నాలుగూ మూడో మనిషి గురించి చెప్పుకునే మాటలు. ఆ మనిషికే రాసే ఉత్తరంలో పెట్టకూడదు. ఎందుకో తెలుగులో చూడండి: మిమ్మల్ని బుజ్జగించడానికి ఈ లేఖ రాస్తున్నాను సార్. ఎలా ఉంది?

తప్పు: వి ఆర్ రైటింగ్ టు పాసిఫై యూ రిగార్డింగ్ ది డిలే.

సరైనది: వి అండర్‌స్టాండ్ యువర్ కన్సర్న్ అబౌట్ ది డిలే అండ్ వాంట్ టు రీఅష్యూర్ యూ దట్ యువర్ రిఫండ్ ఈజ్ బీయింగ్ ప్రాసెస్డ్.

ముఖం మీద అనగలిగినవి రెండే, రీఅష్యూర్ యూ, అలే యువర్ కన్సర్న్స్. ఇక ప్లీజ్ కామ్ డౌన్ అన్నది వ్యాకరణం ప్రకారం నిక్షేపంగా ఉంటుంది, కోపంగా ఉన్నవాడికి రాస్తే మాత్రం ఇంకా రెచ్చిపోతాడు.

## 9. తరచూ జరిగే తప్పులు, సర్దుకోవడం

హి పాసిఫైడ్ ఆఫ్టర్ సమ్ టైమ్. తెలుగులో శాంతించాడు, శాంతింపజేశాడు అని రెండు రూపాలున్నాయి. పాసిఫై రెండోదానికి మాత్రమే. తనంతట తాను శాంతిస్తే కామ్డ్ డౌన్. కోపం దానంతట అది దిగితే సబ్‌సైడెడ్.

హి రీఅష్యూర్డ్ దట్ ఆల్ విల్ బి వెల్. ఎవరికి ధైర్యం చెప్పాడో పెట్టాల్సిందే: రీఅష్యూర్డ్ అజ్, రీఅష్యూర్డ్ హర్.

పాసిఫై డౌన్, సూద్ డౌన్. డౌన్ కామ్‌కి అలవాటు, వీటికి వద్దు.

మ్యూజిక్ పాసిఫైస్ మీ. ఆ సంగీతం వినకముందు మీరు వీరంగం వేస్తున్నారా? సూద్స్ లేదా కామ్స్ పెట్టండి.

అలీవియేటెడ్ ది కస్టమర్. మనిషిని అలీవియేట్ చేయలేం. ఆయన ఇబ్బందిని చేయొచ్చు.

## 10. పంపే ముందు చూసుకోవాల్సినవి

- క్రియ పక్కన మనిషి ఉన్నాడా, భావం ఉందా?
- ఆ మనిషిది కోపమా, భయమా, దుఃఖమా?
- ఏమైనా ఇచ్చారా? ఇస్తే, ఇచ్చినవాణ్ణి తప్పుపట్టాలని మీ ఉద్దేశమా? కాకపోతే అపీజ్ తీసేయండి.
- పూర్తిగా తగ్గిందా, కొంతేనా?
- చదివేది ఆ మనిషేనా?

## 11. పరీక్షలు రాసేవాళ్లకి

సిననిమ్స్ ప్రశ్నలో పైన చెప్పిన తేడాలు పెద్దగా పనికిరావు. అక్కడ మాలిఫైకి ఆప్షన్లలో పాసిఫై ఉంటే టిక్ పెట్టి ముందుకెళ్లండి, ఛాయల గురించి ఆలోచిస్తూ కూర్చుంటే టైమ్ పోతుంది. ఆంటొనిమ్స్‌కి రెండు గుంపులు చాలు: మనిషి మాటలకి ప్రొవోక్, ఇన్‌ఫ్యూరియేట్, ఎన్‌రేజ్, అజిటేట్, నొప్పి, తీవ్రత మాటలకి అగ్రవేట్, ఇంటెన్సిఫై.

ఖాళీలు పూరించే ప్రశ్నలో, క్లోజ్ టెస్ట్‌లో (ఒక పేరాలోనే చాలా ఖాళీలు ఇచ్చే ప్రశ్న) మాత్రం ఈ తేడాలే మార్కులు. ఖాళీకి ముందు ఏముందో కంటే వెంటనే తర్వాత ఏముందో చూడండి. ది మినిస్టర్ ట్రైడ్ టు డ్యాష్ ది ఫియర్స్ ఆఫ్ ఫార్మర్స్ అని ఉండి, ఆప్షన్లు ప్లకేట్, అలే, కన్సోల్, కన్సీలియేట్ అయితే, ఖాళీ తర్వాత ఫియర్స్ ఉంది కాబట్టి అలే. అదే వాక్యంలో ది ఫియర్స్ ఆఫ్ తీసేసి, ఫార్మర్స్‌కి ముందు యాంగ్రీ అని చేర్చితే జవాబు ప్లకేట్‌కి మారుతుంది.